ఇంజనీరింగ్ హాస్టల్‌కి ఏ బట్టలు, ఎన్ని జతలు: జీన్స్ నుంచి తువ్వాలు దాకా

సీటొచ్చింది, ఫీజు కట్టేశారు, ఇక పెట్టె సర్దడమే మిగిలింది. ఇంట్లో రెండు పార్టీలు తయారయ్యేది ఇక్కడే. అబ్బాయికి నాలుగు జీన్సులు, అరడజను ఓవర్‌సైజ్ టీషర్టులు కావాలి. అమ్మేమో పన్నెండు జతలు ఇస్త్రీ చేసి పెడతానంటుంది. హాస్టల్లో దిగిన రెండో వారానికల్లా ఇద్దరి లెక్కా తప్పుతుంది. వేసుకునే రోజును చూసి బట్టలు కొంటాం, కానీ హాస్టల్లో ఎన్ని కావాలో, ఏ గుడ్డ కావాలో తేల్చేవి ఉతికే రోజూ ఆరే రోజూ.

పైగా మన దగ్గర ఫస్టియర్ క్లాసులు సాధారణంగా ఆగస్టు, సెప్టెంబరుల్లో మొదలవుతాయి. అంటే దిగీ దిగగానే ముసురు. నెల్లూరు, తిరుపతి వైపు చేరేవాళ్లకు అది తగ్గేలోపు అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాల వానలు. బట్టలు ఉతకడం రానివాడు ఎండ లేని నెలల్లో ఉతకడం నేర్చుకోవాల్సి వస్తుంది.

## కొనే ముందు సీనియర్‌ని అడగాల్సినవి

కాలేజీ వెబ్‌సైట్లో రాసింది ఒకటి, అక్కడ నడిచేది ఒకటి. అందుకే అదే హాస్టల్లో ఉంటున్నవాణ్ని ఎవరినైనా పట్టుకుని ఇవి అడగండి:

- యూనిఫాం ఉందా? ఉంటే వారంలో ఎన్ని రోజులు? గుడ్డ కాలేజీయే ఇస్తుందా?
- టీషర్టు, జీన్స్ క్లాసుకు రానిస్తారా? కాలర్ ఉంటేనే రానిస్తారా?
- ఉతికేది ఎవరు? మనమేనా, మెషీనా, లాండ్రీ కాంట్రాక్టా? లాండ్రీ అయితే నెలకు ఎన్ని బట్టలు తీసుకుంటారు, ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు?
- ఆరేయడానికి మేడ మీద దండెం ఉందా, గదిలో తాడు కట్టుకోవాలా?
- నీళ్లు బోరువా, మున్సిపాలిటీవా? గదిలో ఇస్త్రీ పెట్టె పెట్టుకోనిస్తారా?

చివరి ప్రశ్న చిన్నదనిపిస్తుంది గానీ చాలా హాస్టళ్లలో ఇస్త్రీ పెట్టె, హీటర్ రెండూ నిషేధం. అప్పుడు ప్రతి చొక్కా గేటు బయటి ఇస్త్రీ బండికి వెళ్లాల్సిందే. ప్యూర్ కాటన్ చొక్కాలే ఎనిమిది తీసుకెళ్లిన కుర్రాడికి అసలు ఖర్చు అక్కడ మొదలవుతుంది.

## ఎన్ని జతలు: ఒక చిన్న కూడిక

రెండు ఉతుకుళ్ల మధ్య రోజులు, ఆరడానికి పట్టే రోజులు, అత్యవసరానికి ఒకటి కూడండి. ఆదివారం మాత్రమే ఉతుకుతారు, ముసురులో ఆరడానికి రెండు రోజులు పడుతుందనుకుంటే 7 + 2 + 1 = 10. రోజూ మార్చాల్సినవి, అంటే డ్రాయర్లు, బనియన్లు, సాక్సులు, పది ఉండాలి. ప్యాంటు రెండు మూడు సార్లు వేసి ఉతకొచ్చు కాబట్టి నాలుగు చాలు. క్లాసుకు వేసే చొక్కాలు ఏడెనిమిది. వారానికి రెండుసార్లు ఉతికే అలవాటుంటే ఇదే కూడిక 4 + 2 + 1 = 7 అవుతుంది, రోజూ మార్చేవాటి బరువు దాదాపు మూడో వంతు తగ్గుతుంది.

లాండ్రీకి వేస్తే తేలికని అందరూ అనుకుంటారు. కానీ అక్కడ తిరిగి రావడానికి నాలుగైదు రోజులు పడితే, ఆ రోజులు కూడా ఇదే కూడికలో పడతాయి. స్వయంగా ఉతుక్కునేవాడికన్నా లాండ్రీకి వేసేవాడికే ఎక్కువ జతలు కావాలి. డ్రాయర్లు మాత్రం ఎలాగూ లాండ్రీకి వేయలేం. స్నానానికి వెళ్లినప్పుడే ఉతికేసుకోవడం మేలు.

## ప్యాంట్లు: అసలు గొడవంతా ఇక్కడే

| రకం | ఎండలో ఆరడం | ముసురులో ఆరడం | ఇస్త్రీ | ఉతికే ముందు ఎన్నిసార్లు |
|---|---|---|---|---|
| జీన్స్ | సుమారు ఒక పూట, మందమైతే రోజంతా | 2–3 రోజులు | అక్కర్లేదు | 3–4 |
| కాటన్ చినోస్ (జీన్స్ కన్నా పలుచటి కాటన్ ప్యాంట్లు) | ఒక పూట | ఒకటిన్నర రోజు | చేస్తే బాగుంటుంది | 2–3 |
| పాలీ విస్కోస్ (పాలిస్టర్, విస్కోస్ కలిపిన గుడ్డ) ఫార్మల్ | 2–3 గంటలు | ఒక రోజు | మడత గీత కోసం | 2–3 |
| ట్రాక్ ప్యాంటు | 2 గంటలు | ఫ్యాను కింద రాత్రికి రాత్రి | అక్కర్లేదు | 1–2 |

జీన్స్‌కి ఉన్న మంచి పేరు ఊరికే రాలేదు. మురికి కనబడదు, ఇస్త్రీ అడగదు, బస్సు ఫుట్‌బోర్డు మీదా క్యాంటీన్ గట్టు మీదా ఎక్కడైనా కూర్చోవచ్చు. కానీ నీళ్లలో ముంచాక కథ మారుతుంది. తడిసిన జీన్స్‌ని ఒక్కడు చేత్తో పిండడం కష్టం, పిండకపోతే బకెట్ నీళ్లు దానిలోనే ఉంటాయి.

జీన్స్ ఎక్కడ ఆరదో చూడండి. కాళ్లు ఆరిపోయి గలగలమంటుంటాయి, ఆరిందనుకుని తీసేస్తాం. కానీ నడుము పట్టీ, జిప్పు వెనక నాలుగు పొరల కుట్టు, జేబు లోపలి తెల్లగుడ్డ ఇంకా చెమ్మగానే ఉంటాయి. దాన్ని మడిచి అల్మరాలో పెడితే తెల్లారేసరికి ముక్కిపోయిన వాసన. వేసుకుంటే ఆ చెమ్మంతా గజ్జల్లో. అందుకే తిరగేసి, జిప్పు, గుండీ తీసి, ముందు జేబులు రెండూ బయటికి లాగి, నడుము పైకి వచ్చేలా రెండు క్లిప్పులతో, నడుము నోరు తెరుచుకుని ఉండేలా వేలాడదీయాలి. తిరగేసి వేయడం వల్ల ఎండకు రంగు వెలవకుండా కూడా ఉంటుంది.

కొనేటప్పుడు మందం చూసుకోండి. డెనిమ్ మందాన్ని చదరపు గజం గుడ్డ బరువుతో, ఔన్సుల్లో చెబుతారు. 12 ఔన్సుల డెనిమ్ గట్టిది, కానీ మన వేడికీ ముసురుకూ 10 ఔన్సులది సుఖం. లేబుల్ మీద ఎలాస్టేన్ (సాగే దారం) 1–2 శాతం ఉంటే కూర్చోడానికి హాయి. అంతకు మించి సాగేదైతే ఆరు నెలలకే మోకాళ్ల దగ్గర సంచిలా వేలాడుతుంది. బ్లీచ్ తగిలినా, మెషీన్ డ్రయర్ వేడి తగిలినా ఆ సాగే దారం తెగిపోతుంది. జీన్స్ చావు ఎప్పుడూ తొడల మధ్య కుట్టు దగ్గరే వస్తుంది. అక్కడ గుడ్డ పలచబడుతుండగానే లోపల అతుకు వేయించి రఫ్ కొట్టిస్తే ఇంకో ఏడాది నడుస్తుంది. చిరిగాక తీసుకెళ్తే దర్జీ చేసేదేమీ ఉండదు.

రెండు జీన్సులు చాలు. మూడోదానికి పెట్టే డబ్బుతో ఒక చినోస్ కొనుక్కోండి. లేత గోధుమ రంగు కాకుండా ముదురు ఆలివ్ లేదా నేవీ అయితే క్లాసుకూ, ఊరికి వెళ్లడానికీ, చిన్న ఫంక్షన్‌కీ పనికొస్తుంది. కార్గోలు ఎంత ఫ్యాషనైనా, ఆ జేబులన్నీ ఆరేదాకా ఆగే ఓపిక ఉంటేనే తీసుకోండి.

## చొక్కాలా, టీషర్టులా?

డ్రెస్ కోడ్ లేని క్యాంపస్‌లో కూడా టీషర్టులతోనే నాలుగేళ్లు గడవవు. ప్రెజెంటేషన్లు, వైవాలు ఉంటాయి. మరోవైపు, ఫుల్‌హ్యాండ్స్ చొక్కాలు మాత్రమే పెట్టుకెళ్లినవాడు రెండో నెలలో టీషర్టులు కొంటాడు. మధ్యేమార్గం కాలర్ ఉన్న టీషర్టు: నలగదు, కాలర్ నిబంధన ఉన్నచోట చెల్లుతుంది, ఆదివారమూ వేసుకోవచ్చు. రెండుంటే ఎక్కడా ఇబ్బంది రాదు.

చొక్కాలో పోలిక ప్యూర్ కాటన్‌కీ, కాటన్ పాలిస్టర్ మిక్సుకీ. కాటన్ చెమట పీల్చుకుంటుంది, ఒంటికి చల్లగా ఉంటుంది, ఉతికాక నలిగిన కాగితంలా తయారవుతుంది. కాటన్ 60 శాతం పైగా ఉన్న మిక్సు దాదాపు అంతే హాయిగా ఉంటుంది, త్వరగా ఆరుతుంది, తడిగా ఉన్నప్పుడే గట్టిగా నాలుగుసార్లు దులిపి హ్యాంగర్‌కి వేస్తే ఇస్త్రీ లేకుండానే క్లాసుకు వెళ్లొచ్చు. ఇస్త్రీ పెట్టె లేని హాస్టల్‌కి మిక్సే మా ఓటు. విజయవాడ, విశాఖ లాంటి ఉక్కపోత ఊళ్లలో మాత్రం సగం కాటనే ఉంచుకోండి. పాలిస్టర్ పాలు పెరిగేకొద్దీ చెమట వాసన గుడ్డలో ఇరుక్కుపోతుంది, ఉతికినా పూర్తిగా వదలదు.

ప్యూర్ కాటన్ మొదటి ఉతుకులో 3–5 శాతం కుదించుకుపోవచ్చు. 40 అంగుళాల చొక్కాకు అది 1.2 నుంచి 2 అంగుళాలు. షాపులో సరిగ్గా అతికినట్టున్నది హాస్టల్లో బిగుతవుతుంది. ఛాతీ కొలత మీద కనీసం 4 అంగుళాలు వదులున్నది తీసుకోండి.

రంగుల సంగతి బోరు నీళ్లను బట్టి. బోరు నీళ్లలో సబ్బు నురగ రాదు, తెల్లబట్టల మీద బూడిదరంగు పొర కడుతుంది. నీళ్లలో ఇనుముంటే పసుపు పడుతుంది. నీలిమందు ఎంత వేసినా అది దాచడమే. నల్లచొక్కా మీద వీపున చెమట ఉప్పు తెల్లగా మ్యాపు గీస్తుంది. మధ్యరకం నీలాలు, బూడిదరంగు, చిన్న గళ్లు అన్నిటికీ తట్టుకుంటాయి. గళ్ల చొక్కాలో ముడతా మరకా రెండూ కలిసిపోతాయి.

టీషర్టుల్లో 160–180 జీఎస్ఎం (చదరపు మీటరు గుడ్డ బరువు, గ్రాముల్లో) రోజువారీకి సరిపోతుంది. ఇప్పుడు అందరూ కొంటున్న 220–240 జీఎస్ఎం ఓవర్‌సైజ్‌లు చూడ్డానికి దిట్టంగా నిలబడతాయి గానీ మన వేసవికి దుప్పటి కప్పుకున్నట్టే, ఆరడానికీ ఎక్కువ సమయం. ఒకటి రెండు చాలు. తడి టీషర్టును హ్యాంగర్‌కి వేస్తే బరువుకు మెడ సాగుతుంది, దండెం మీద నడుముకి మడిచి వేయాలి.

## రెడీమేడా, కుట్టించడమా?

పొడుగ్గా సన్నగా ఉన్నవాళ్లకీ, బొద్దుగా ఉన్నవాళ్లకీ ఫార్మల్స్ కుట్టించడమే నయం. చొక్కాకి 58 అంగుళాల పన్నా (గుడ్డ వెడల్పు) అయితే 1.6 మీటర్లు, 36 అంగుళాల పన్నా అయితే 2.25 మీటర్లు కావాలి. ప్యాంటుకు 58 అంగుళాల పన్నాలో 1.2 నుంచి 1.3 మీటర్లు. ఆరడుగులు దాటితే ఇంకో పావు మీటరు కలపండి. విజయవాడ వస్త్రలత, రాజమండ్రి తాడితోట, సికింద్రాబాద్ జనరల్ బజార్‌లలో గుడ్డ బేరమాడి కొనొచ్చు. కాటన్ అయితే కుట్టించే ముందు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరేసి ఇవ్వండి, కుదింపు చాలావరకు అక్కడితో అయిపోతుంది.

పద్దెనిమిదేళ్లవాడి ఒళ్లు హాస్టల్ మెస్ తిండికి ఎటైనా మారొచ్చు. అందుకని దర్జీకి రెండు మాటలు చెప్పాలి: ప్యాంటు వెనక కుట్టులో అంగుళంన్నర గుడ్డ లోపల వదలమనీ, కాలి అంచులో రెండంగుళాల మడత పెట్టమనీ. తర్వాత వదులు చేయడమో పొడుగు పెంచడమో పది నిమిషాల పని. శ్రావణంలో పెళ్లిళ్లు, ఆ తర్వాత దసరా కాబట్టి దర్జీ చెప్పిన తేదీకి వారం కలుపుకోండి. ఆ వారం లేకపోతే రెడీమేడ్ తప్ప దారి లేదు.

టీషర్టులు, జీన్సులు, ట్రాకులు రెడీమేడే. ఇందులో ఆలోచించాల్సింది లేదు.

## డ్రాయర్లు, తువ్వాలు: ఎవరూ మాట్లాడుకోనివి

హాస్టల్ కుర్రాళ్లను బట్టల వల్ల డాక్టరు దగ్గరికి పంపేది ఫ్యాషన్ కాదు, తామర. గజ్జల్లో చెమ్మ, బిగుతైన జీన్స్, సరిగా ఆరని డ్రాయరు, పక్కవాడి తువ్వాలు: ఫంగస్‌కి ఇంతకన్నా ఏం కావాలి? మెడికల్ షాపులో నోటిమాటగా అడిగి తెచ్చుకునే క్రీముల్లో స్టెరాయిడ్ కలిసినవి ఉంటాయి. దురద రెండ్రోజులు తగ్గి తామర మరింత పాకుతుంది. కాబట్టి ఇక్కడ పొదుపు వద్దు: కాటన్ డ్రాయర్లు పది. తొడలు రాసుకునేవాళ్లు బ్రీఫ్ కాకుండా కాళ్లున్న ట్రంకు రకం తీసుకోవాలి. జిమ్‌కి వేసే పాలిస్టర్ రకాలు ఆట అవగానే విప్పేయాలి, వాటితో నిద్రపోకూడదు. డ్రాయర్లను గదిలో మూల తాడు మీద కాకుండా ఎండ తగిలేచోట ఆరేయండి. సిగ్గుపడి లుంగీ కింద దాచి ఆరేస్తే ఆరవు.

తువ్వాలు దగ్గర ఇంట్లో తప్పకుండా పెట్టేది మెత్తటి టర్కీ టవల్. బాత్రూమ్‌లో అదే రాజు. కానీ 500 జీఎస్ఎం టర్కీ టవల్ ముసురులో రోజంతా ఆరదు, నాలుగోరోజుకు తడిసిన కుక్క వాసన కొడుతుంది. పలుచటి నేత తువ్వాలు ఒళ్లు తుడవడానికి మొదట గరుగ్గా ఉంటుంది, నాలుగు ఉతుకుళ్లకు మెత్తబడుతుంది, ఫ్యాను కింద రెండు మూడు గంటల్లో ఆరుతుంది, బస్సులో తలకు చుట్టుకోవచ్చు, అవసరమైతే దిండుకు కప్పుకోవచ్చు. నేతవి మూడు, టర్కీది ఒకటి. అదీ తల తుడుచుకునే చిన్న సైజుది.

రాత్రికి షార్ట్సా, లుంగీయా అంటే లుంగీకి గాలి ఎక్కువ, కొలతలు అక్కర్లేదు, బకెట్లో చోటు తక్కువ. మెస్‌లోకి లుంగీతో రానివ్వని హాస్టళ్లున్నాయి, అందుకని షార్ట్స్ రెండు ఉంచుకోండి.

## వర్క్‌షాప్‌కి వేరే లెక్క

ఫస్టియర్‌లో ఫిట్టింగ్, కార్పెంటరీ, వెల్డింగ్, ఫౌండ్రీ, హౌస్ వైరింగ్ లాంటివి ఉంటాయి. అక్కడికి ఖాకీ యూనిఫామో ఏప్రనో కాలేజీ చెబుతుంది. గుడ్డ మాత్రం కాటన్ డ్రిల్ (మందపాటి, గట్టి నేత కాటన్) అని అడిగి కొనండి. వెల్డింగ్ నిప్పురవ్వ కాటన్ మీద పడితే సాధారణంగా చిన్న నల్ల చిల్లుతో పోతుంది. పాలిస్టర్ మీద పడితే గుడ్డ కరిగి ఒంటికి అంటుకుంటుంది. కెమిస్ట్రీ ల్యాబ్ తెల్లకోటుకూ ఇదే నియమం: మోకాలి దాకా ఉన్న కాటన్‌ది, ఫుల్‌హ్యాండ్స్‌ది. లేత్ మెషీన్ దగ్గరికి వదులు చేతులు, మెడలో వేలాడే ట్యాగు పనికిరావు. ఆ రోజు చెప్పులు కాదు, తోలు బూట్లు.

## ఎవరికి ఏ పెట్టె

కింది లెక్క వారానికి రెండుసార్లు ఉతికేవాళ్లకు. హాస్టల్లో డ్రాయర్లు, బనియన్లు మాత్రం ఎన్నిసార్లు ఉతికినా పదే. ఆదివారమే ఉతికేవాళ్లు చొక్కాలు రెండు కలుపుకోండి.

| | యూనిఫాం కాలేజీ హాస్టల్ | డ్రెస్ కోడ్ లేని క్యాంపస్ | ఇంటి నుంచి వెళ్లొచ్చేవాళ్లు |
|---|---|---|---|
| యూనిఫాం | 3 జతలు | – | ఉంటే 3 జతలు |
| చొక్కాలు | 2 | 4 | 5 |
| కాలర్ టీషర్టులు | 2 | 2 | 2 |
| మామూలు టీషర్టులు | 4 | 5 | 3 |
| జీన్స్ | 1 | 2 | 2 |
| చినోస్ లేదా ఫార్మల్ | 1 | 2 | 2 |
| ట్రాకులు, షార్ట్స్ | 4 | 4 | 2 |
| డ్రాయర్లు, బనియన్లు | 10 చొప్పున | 10 చొప్పున | 7 చొప్పున |

యూనిఫాం కాలేజీలో కొత్తవాళ్లు చేసే పొరపాటు రెండు జతలే కుట్టించడం. ఒకటి ఒంటి మీద, ఒకటి బకెట్లో, వాన వచ్చిన రోజు మూడోది లేదు. తడి యూనిఫాం మీదే క్లాసుకు వెళ్లే కుర్రాళ్లు జులాయిలు కాదు, మూడో జత లేనివాళ్లు. ఇంటి నుంచి బస్సులో వెళ్లొచ్చేవాళ్లకు రెండో చొక్కా బ్యాగులో పెట్టుకునే చోటుంటే చాలు, మిగతాది అమ్మ వాషింగ్ మెషీన్ చూసుకుంటుంది.

మొదటి ఏడాది బ్లేజర్ కొనొద్దు. ప్లేస్‌మెంట్ల నాటికి భుజాలు మారిపోతాయి. ట్రెడిషనల్ డే కోసం ఒక మంగళగిరి కాటన్ కుర్తా, తెల్ల పైజామా లేదా పంచె చాలు, సంక్రాంతికీ అదే పనికొస్తుంది.

## ఉత్తరాదికి వెళ్లేవాళ్లు

పంజాబ్, ఢిల్లీ, హిమాచల్ వైపు వెళ్లేవాళ్ల ఇళ్లల్లో ఇక్కడే మందపాటి స్వెట్టర్లు నాలుగు కొనేస్తారు. వద్దు. విమానంలో అయితే చాలా టికెట్లకు చెక్ఇన్ లగేజీ 15 కిలోలే. పైగా ఉన్ని బట్టల పరిశ్రమకు కేంద్రం పంజాబ్‌లోని లూధియానా, ఆ వైపు మార్కెట్లలో రకమూ ఎక్కువ, ధరా నయం. ఇక్కడి నుంచి ఒక పలుచటి స్వెట్టరు, ఒక థర్మల్ (చలికి లోపల వేసుకునే) జత పట్టుకెళ్లి, మిగతాది దీపావళి ముందు అక్కడే కొనుక్కోవాలి.

చలికి ఒక్క లావు స్వెట్టరు కన్నా మూడు పొరలు మేలు: ఒంటికి థర్మల్, దాని మీద ఉన్ని లేదా ఫ్లీస్ (ఉన్నిలాంటి మెత్తటి సింథటిక్ గుడ్డ), పైన గాలి చొరబడని జాకెట్. క్లాసులో హీటరుంటే పై రెండూ తీసేయొచ్చు. డిసెంబరు చివర, జనవరిలో పొగమంచుకు రోజుల తరబడి ఎండ రాదు, జీన్స్ ఆరదు, చల్లటి ఇనుప రేకులా కాళ్లకు తగులుతుంది. అక్కడ రెండో జీన్స్ బదులు లోపల ఫ్లీస్ ఉన్న ట్రాక్ తీసుకోండి. మొత్తం మీద థర్మల్స్ మూడు జతలు, ఉన్ని సాక్సులు నాలుగు, చెవులు మూసే టోపీ ఒకటి.

## సర్దేటప్పుడు

కొత్త రంగు బట్టలన్నీ ఇంట్లోనే విడిగా రెండుసార్లు ఉతికి పెట్టండి. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు పట్టేస్తుందన్న నమ్మకం మీద తెల్ల యూనిఫాంని పణంగా పెట్టొద్దు. అదనపు రంగు పోవాల్సిందే, పోయేది ఇంటి బకెట్లో పోనీ. ప్రతి బట్టకూ కాలర్ లోపల లేదా నడుము పట్టీ లోపల చెరగని మార్కర్‌తో పేరులో రెండక్షరాలు, గది నంబరు రాయండి. లాండ్రీలో ఒకేరకం నేవీ ట్రాకులు నలభై కలుస్తాయి. రెండు డజన్ల క్లిప్పులు, పది మీటర్ల నైలాన్ తాడు, ఆరు హ్యాంగర్లు, సూదీ దారం, నాలుగు చొక్కా గుండీలు పెట్టండి.

ఆవకాయ సీసాని బట్టల పెట్టెలో మాత్రం పెట్టొద్దు. ఎంత బిగించినా బస్సు కుదుపులకు నూనె ఊరుతుంది, పసుపూ కారం కలిసిన ఆ మరక కాటన్‌లోంచి పూర్తిగా పోదు. వేరే సంచిలో, నిలువుగా, చేతిలో పట్టుకెళ్లండి.

పై పట్టికలో అంకెలు ఎక్కువనిపిస్తే మూడింట రెండు వంతులతో బయల్దేరండి. చేరిన నెల, నెలన్నరకే దసరా సెలవులు వస్తాయి. అప్పటికి ఏది రోజూ దండెం మీద ఉంటోందో, ఏది మడత విప్పలేదో తెలిసిపోతుంది. మడత విప్పనివి ఇంటికి తెచ్చేసి, దండెం మీదవాటికి ఇంకో జత కొనుక్కెళ్లండి.